చుక్కల మీద బోల్టులు

నా భార్య పోయింది. ఆదివారం పొద్దున ఇద్దరం వరండాలో కూర్చుని బండి క్లచ్ విప్పాం. కొత్త ప్లేట్లను ఆమె స్టీలు గిన్నెలో పేర్చి, మునిగేదాకా ఇంజన్ ఆయిల్ పోసింది. పాత లుంగీ గుడ్డతో చేతులు తుడుచుకుంది. "ప్లేట్లు నాననియ్యి. అప్పటిదాక జర ఒరుగుత," అని లోపలికి పోయింది. ఇంజన్ కవర్‌కు అతుక్కుపోయిన పాత ప్యాకింగ్ కాగితాన్ని గీకుతూ నేను బయటే ఉన్నాను. అది తొందరగా రాలేదు. తర్వాత చాయ్ పెట్టి లేపాను. లేవలేదు. పక్కింటి కిరాణా దుకాణం ఆయన తన సరుకుల ఆటో తీశాడు. దవాఖానలో డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని చూసి, నిద్రలోనే గుండె ఆగిపోయిందని చెప్పింది. బాధ పడి ఉండదని కూడా చెప్పింది. ఆ రెండో మాటను నేను జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకున్నాను.

మీలో ఆమెను ఎరిగినవాళ్లు తక్కువమంది. స్టేషన్ వెనక, అండర్‌బ్రిడ్జి దాటాక మా వీధి. ఆ వీధిలో కూడా ఆమె పేరు చాలామందికి తెలియదు. బండి అక్క అనేవాళ్లు. మా బండి వంద సీసీది, పెండ్లయిన కొత్తలో కొన్నది. ఆయిల్ మార్చినా, చైన్ బిగించినా, కార్బరేటర్ కడిగినా మా వరండాలోనే, ఇద్దరం కలిసే. ఎవరు మెకానిక్, ఎవరు సాయం అంటే మాకే తెలియదు. పానా ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మెకానిక్. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి ఇంతవరకే.

ఆమెను ఇంటికి తెచ్చిన రోజు వరండాలో బండి విప్పినది విప్పినట్టే ఉంది. పక్కన సిమెంటు నేల మీద ఆమె వేసిన ముగ్గు. ముగ్గు చుక్కల మీద బోల్టులు.

చావైన ఇంటి ముందు కొన్నాళ్లు ముగ్గు వేయరు. ఉన్నదాన్ని కూడా కడిగేస్తారు. మీకు తెలిసిందే. నా భార్య అక్క, మా వదిన, డోర్నకల్ నుంచి వచ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, కొంగు నడుముకు చెక్కి బకెట్‌తో వరండాలోకి వచ్చింది.

"చావైన ఇంట్ల ముగ్గెట్లుంటది మరిదీ? జరుగు, కడుగుత."

"అది ముగ్గు కాదు వదినా."

"మరేంది?"

"బండి."

నా మతి చెడిందనుకుని ఉంటుంది. వంగి చూసింది. గీత లోపల వరసగా బోల్టులు, పొడుగువి, పొట్టివి.

"గిది మా చెల్లె ఏసిందా?"

"పొద్దున్నే ఏసింది."

ఆమె చేతిలో బకెట్ నీళ్లు కదులుతూ ఉన్నాయి. అవి నిలిచేదాకా వదిన కదల్లేదు. తర్వాత నీళ్లు పొయ్యకుండా గుడ్డ తడిపి, గీత అంచుదాకా వచ్చి ఆపి, వరండా అంతా తుడిచింది. వంటింట్లోంచి గంప తెచ్చి ముగ్గు మీద బోర్లించింది. గాలికి కదలకుండా పైన రాయి పెట్టింది. పరామర్శకు వచ్చిన చుట్టాలు ఆ గంప ఏమిటని అడిగితే, "బండి సామాను. దాని జోలికి పోకుండ్రి," అని కసిరింది.

ఆ ముగ్గు సంగతి చెప్పాలి.

మొదట్లో బండిని వీధి చివరి షెడ్డుకే ఇచ్చేవాణ్ణి. ఒకసారి క్లచ్ పని చేయించి తెచ్చాక కవర్ కింది నుంచి ఆయిల్ కారడం మొదలైంది. ఆ కవర్‌కు పెట్టే బోల్టులన్నీ ఒకే పొడుగు ఉండవు. పొడుగుది పెట్టాల్సిన చోట పొట్టిది పెట్టారు, అది పట్టలేదు. ఆదివారం నేనే సరిచేద్దామని కూర్చున్నాను. విప్పిన బోల్టునల్లా గ్లాసులో వేస్తున్నాను. వాకిట్లో ముగ్గు పెడుతున్న ఆమె ఆ చప్పుడు విన్నది.

"ఇగో, అవన్ని ఒక్క తీరే ఉంటయా?"

పెండ్లి నాటి నుంచి నా పేరు ఆమెకు 'ఇగో'.

"ఉండయి. పొడుగుయి, పొట్టియి."

"మరి ఒక్క గిలాసల ఏస్తానవేంది?"

"యాదికుంటది లే."

"షెడ్డాయన గూడ గట్లనే అనుకుని ఉంటడు."

ముగ్గు చిప్ప పట్టుకునే వచ్చింది. కవర్‌ను నేల మీద పెట్టమంది. దాని చుట్టూ పిండితో గీత తీసింది. కవర్ ఎత్తితే నేల మీద దాని ఆకారం మిగిలింది. తల పక్కకు వంచి చూసి, "చెవి లెక్కున్నది," అన్నది. ఎక్కడెక్కడ బోల్టు పడుతుందో అక్కడ చుక్క పెట్టింది. గ్లాసులోని బోల్టులు ఒంపి, ఒక్కొక్కటి రంధ్రంలో పెట్టి చూసి, సరిపోయినదాన్ని దాని చుక్క మీద నిలబెట్టింది. అప్పటి నుంచి ఏది విప్పినా ముందు ముగ్గు, తర్వాతే పానా. వాకిట్లో ముగ్గు చేతి అలవాటు మీద వేసేది, మాట్లాడుతూనే. దీన్ని మాత్రం కింది పెదవి పళ్ల మధ్య పట్టుకుని వేసేది.

"విప్పుడు ఎవ్వలకైన వస్తది. ఎక్కడిది అక్కడ పెట్టుడే పని," అనేది. ఈ మాటను బండి దగ్గరే కాదు, బియ్యం డబ్బా దగ్గర, నా కళ్లద్దాల దగ్గర కూడా అనేది.

ఒక దసరాకు చైన్ కవర్ విప్పి ముగ్గు మీద బోల్టులు పెట్టి, ఇద్దరం చాయ్‌కు లోపలికి పోయాం. తిరిగి వచ్చేసరికి ప్రతి బోల్టుకూ పసుపు, కుంకుమ. నడుమ ఒక బంతిపువ్వు. కిరాణా ఆయన భార్య వరండా ముందు చేతులు జోడించి నిలబడి ఉంది.

"బండి పూజ పెట్టుకున్నరు, నన్ను పిలువనే లేదు గదక్కా," అన్నది నిష్ఠూరంగా.

నాకు నవ్వొచ్చింది. నా భార్య నన్ను కళ్లతోనే ఆపింది. "ఇప్పుడే పిలుద్దామనుకుంటాన. మంచిగ వచ్చినవ్," అని లోపలికి పోయి కొబ్బరికాయ తెచ్చింది. కొట్టించింది. ఆ అమ్మ పోయాక బోల్టులు పెట్రోల్‌లో కడుగుదామన్నాను. వద్దంది. పసుపు బోల్టులతోనే బిగించాం. చాన్నాళ్లు ఆ చైన్ కవర్ సందుల్లో పసుపు గీత కనబడుతూ ఉండేది.

ఎనుమాముల మార్కెట్‌లో ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేశాను. బీఎస్సీ చదివి గుమాస్తానా అని అడిగినవాళ్లున్నారు. ఆమె అడగలేదు. ఎండాకాలం మొదట్లో యార్డుకు మిర్చి వస్తుంది. అప్పుడు అక్కడి గాలి కూడా ఎర్రగా ఉంటుంది. నా పని పత్తితో, తుమ్ములు మిర్చివి. పొద్దంతా బండి అక్కడే నిలబడేది. ఇంటికొచ్చాక ఎయిర్ ఫిల్టర్ తీసి ఆమె గోడకేసి కొట్టేది. ఎర్రటి దుమ్ము ఎండలో లేచి, అక్కడే కాసేపు తేలుతూ ఉండేది. నాకిప్పటికీ ఆమె ముఖం ఆ ఎర్రటి వెలుతురులోనే ముందు కనబడుతుంది. కళ్లు మూసుకుని, తుమ్ము వస్తుందా రాదా అన్నట్టు ఆగి ఉన్న ముఖం.

వచ్చేది. నాకూ వచ్చేది. పిల్లులు గోడ దూకి పోయేవి.

"ఏం సారూ, ఇయ్యాల బండికి ఆపరేషనా, తాలింపా?" కిరాణా ఆయన గోడ అవతలి నుంచి అరిచేవాడు.

"నీ దుకాణంల కారంపొడి కన్న మంచిగున్నదన్నా! డబ్బా తెచ్చుకో, పోస్త!" అనేది ఆమె, తుమ్ముల నడుమ.

ఆమె తండ్రి డోర్నకల్‌లో రైల్వే ఫిట్టర్. లైను పక్క క్వార్టర్‌లో పెరిగింది. రైళ్ల చప్పుడుకు నిద్రపోయేవాళ్లట. చప్పుడులో ఏదైనా తేడా వస్తే ఇల్లంతా లేచి కూర్చునేదట. ఆ చెవి ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. పని అయ్యాక కిక్ కొట్టి, ఎవరమూ ఎక్కకుండా ఇంజన్‌ను అట్లా తిరగనిచ్చేది. తల వంచి, నేల చూస్తూ వినేది. నేను ఆమెను చూస్తూ ఉండేవాణ్ణి. బాగుంటే "ఇగ పోదాం" అనేది. బాగా లేకపోతే పానా చేతికిచ్చేది.

పోయేది నర్సంపేట రోడ్డుకు. పని ఉండి కాదు. చేసిన పని ఎట్లా ఉందో చూడటానికి. ఊరు దాటాక రెండు పక్కలా పొలాలు, సాయంత్రమైతే వాటి మీద పలచగా పొగమంచు. రోడ్డు ఒక్కటే నల్లగా, పైకి తేలినట్టుండేది. ఆమె వెనక కూర్చుని నా వీపుకు చెవి ఆనించేది. ఇంజన్ చప్పుడు గాలిలో కంటే నా వీపులో బాగా వినబడుతుందనేది.

ఒకసారి చాలా దూరం అట్లాగే ఉండిపోయింది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"ఏమినబడుతాంది?" అని అడిగాను.

"బండిది మంచిగనే ఉన్నది. నీదే జర తేడా కొడుతాంది."

"ఎట్ల?"

"నేను పట్టుకుంటె ఉరుకుతాంది."

అప్పటికి మా ఇద్దరికీ నలభై దాటాయి. గేరు మార్చాను. మార్చాల్సిన అవసరం లేదు.

ఇప్పుడు అనుకుంటాను. ఆమె చెవి నా వీపుకు ఆనినప్పుడు, ఆమె గుండె కూడా అక్కడే ఆని ఉంటుంది. నేను రోడ్డు చూస్తూ ఉన్నాను.

సీటు కూడా ఆమె కుట్టిందే. పాతది చిరిగితే కొత్త స్పాంజి తెచ్చి, వెనక భాగం కొద్దిగా ఎత్తు పెంచి, రెగ్జిన్‌ను తన కుట్టు మిషన్ మీద కుట్టింది. సూదులు విరిగాయి. ఎత్తు ఎందుకంటే, "నీ భుజం మీదికెల్లి రోడ్డు కనబడాలె. ఎప్పటికి నీ వీపే చూసుకుంట కూసోవాల్నా?" అన్నది. కనబడినా వీపుకే ఆనుకునేది.

ఇంకొక అలవాటు. అరిగిన సామాను ఏదైనా మార్చాల్సి వస్తే, దాన్ని చీర కొంగున ముడి వేసుకునేది. స్టేషన్ రోడ్డులో బోల్టులు, నట్లు అమ్మే చిన్న దుకాణం ఉంది. కౌంటర్ ముందు నిలబడి ముడి విప్పి, "దీని జతది ఇయ్యి," అనేది. సైజు పేరు చెప్పేది కాదు. చెప్పవచ్చు కదా, తెలుసు కదా అంటే, "పేరు జెప్తె వాడు ఇంకోటి ఇస్తడు. వస్తువు జూపిస్తె వస్తువే ఇస్తడు," అనేది. నేను నంబర్లు చెప్పి తెచ్చినవి రెండు సార్లు వాపసు పోయాయి. ఆమె తెచ్చినవి పోలేదు.

ఆ ఆదివారం తర్వాత గంపను నేను రోజూ ఎత్తి చూస్తూ వచ్చాను. పొద్దున వెలుతురు వరండాలోకి వచ్చే వేళ. పిండి గీత ఎక్కడా చెరగలేదు. బోల్టుల నీడలు ఒక వైపుకు వాలి ఉండేవి. చూసి మళ్లీ బోర్లించేవాణ్ణి. మొదటి రోజే గమనించాను. కింది వైపు ఒక చుక్క ఖాళీగా ఉంది. బండి కింద వెతికాను. పానాల డబ్బా ఒంపాను. వాకిట్లో మోరీ దగ్గర కూడా చూశాను. దొరకలేదు. ఒక్క బోల్టు తక్కువైతే అక్కడి నుంచి ఆయిల్ కారుతుంది. కాబట్టి కవర్ బిగించలేను. కాబట్టి బండి అట్లాగే ఉండాలి.

ఈ కారణం నాకు బాగా పనికొచ్చింది.

కిరాణా ఆయన రోజూ వచ్చి కూర్చునేవాడు. ఒకరోజు బండి వైపు చూసి అన్నాడు. "సారూ, మెకానిక్‌ను పిలువనా? బోల్టులు వాడే తెచ్చుకుంటడు. అరగంట పని."

"వద్దు."

"అక్క ఉంటే మిమ్ముల తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టేది. బండిని గిట్ల పొట్ట విప్పి కూసుంటవా అని."

నిజమే. తిట్టేది. ఆ రాత్రి అన్నం తినలేదు.

నా బాధ బోల్టు గురించి కాదు. మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆమె చేత్తో చివరగా గీసినది ఆ ముగ్గు. చివరగా పెట్టినవి ఆ బోల్టులు. కవర్ బిగించాలంటే వాటిని ఒక్కొక్కటిగా అక్కడి నుంచి తీయాలి. తీసిన తర్వాత మళ్లీ ఎట్లా పెట్టినా అది నేను పెట్టినట్టు అవుతుంది. తీయకపోతే బండి లేవదు. ఇన్నేళ్లు ఇద్దరం కలిసి లేపుతూ వచ్చిన బండి. గిన్నెలో ప్లేట్లు ఇంకా నానుతూనే ఉన్నాయి.

మధ్యాహ్నాలు కళ్లు మూతపడితే నర్సంపేట రోడ్డు వస్తుంది. రోడ్డుకు రెండు పక్కలా మిర్చి ఆరబోసి ఉంటుంది, కంటికి అందినంత ఎరుపు. బండి పోతూ ఉంటుంది కాని చప్పుడు ఉండదు. వీపు మీద చెవి బరువు తెలుస్తుంది. ఏమినబడుతాంది అని అడుగుతాను. జవాబు రాదు. వినే మనిషి మాట్లాడదు కదా అని కలలోనే నాకు నేను చెప్పుకుంటాను. గోడ అవతల సరుకుల ఆటో స్టార్ట్ అయితే మెలకువ వస్తుంది.

ఇవాళ వదిన మళ్లీ వచ్చింది. నా భార్య ఆ ఆదివారం కట్టుకున్న చీరను పోయినసారి ఎవరికీ ఇవ్వకుండా వదిన తనతో తీసుకుపోయింది. ఉతికి, మడత పెట్టి తెచ్చింది. చీర నా ఒళ్లో పెట్టి, గుప్పిలి విప్పింది.

"నానబెడుతాంటె చేతికి గట్టిగ తాకింది. కొంగుకు ముడేసి ఉన్నది. పైసలేమో అనుకున్న. ఏందిది మరిదీ?"

బోల్టు. వెలుతురుకు పెట్టి చూశాను. మొన దగ్గర మర చుట్లు అరిగి నున్నగా అయిపోయాయి. బిగిస్తే పట్టదు. అందుకే దాన్ని చుక్క మీద పెట్టలేదు ఆమె. కాసేపు ఒరిగి, లేచి, దుకాణానికి పోయి దీని జతది తెద్దామనుకుంది. ప్లేట్లు నానేలోపు అయ్యే పని.

వదినకు చెప్పాను. ఆమె గంప వైపు చూసింది. తర్వాత లేచి, రాయి తీసి, గంప ఎత్తింది. మోకాళ్ల మీద కూర్చుని ఖాళీ చుక్కను వెతికి పట్టుకుంది. వేలు దాని దగ్గరదాకా పోయి ఆగింది.

"గిక్కడిదా?"

"ఆ, గక్కడిదే."

"మరి తెస్తవా?"

"తెస్త."

"ఎల్లుండి కాదు, వచ్చే వారం కాదు. రేపు మాపటి రైలుకు నేను పోవాలె. స్టేషన్ల నువ్వే దింపాలె. బండి మీద."

"బండి మీద కూసుంటవా వదినా?"

"ఏం, మా చెల్లె కూసోలేదా? దాని కన్న నేను బరువా?"

బరువే. ఇద్దరం ఆ మాట పైకి అనలేదు. ఆ రోజు తర్వాత మేమిద్దరం నవ్వింది అప్పుడే. నవ్వి, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బోల్టును జేబులో వేసుకున్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా జేబులోనే ఉంది.

రేపు పొద్దున స్టేషన్ రోడ్డుకు నడిచి పోతాను. దుకాణం తెరిచేసరికి కౌంటర్ ముందు ఉంటాను. సైజు చెప్పను. బోల్టు చూపించి దీని జతది ఇమ్మంటాను. ఇంటికి వచ్చి గంప తీస్తాను. గిన్నెలోంచి ప్లేట్లు తీసి ఎక్కిస్తాను. కవర్ పెట్టే ముందు, కొత్త బోల్టును ఖాళీ చుక్క మీద నిలబెడతాను. అన్నీ ఉన్న ముగ్గును ఒకసారి చూస్తాను. ఆ తర్వాత ఎడమ వైపు నుంచి ఒక్కొక్కటే తీసి, ఎక్కడిది అక్కడ పెడతాను. ఆయిల్ పోస్తాను. చుక్కలు ఖాళీ అవుతాయి, గీత ఉంటుంది. చీపురు పట్టను. దాన్ని ఎప్పుడు తీసుకుపోవాలో గాలి చూసుకుంటుంది. కిక్ కొట్టి, ఎక్కకుండా, ఇంజన్‌ను అట్లా తిరగనిస్తాను. వదిన తయారై బయటికి వచ్చేదాకా, నేల మీది ఆ పిండి చెవి పక్కన కూర్చుని, తల వంచి వింటాను.